గోడ మీద తోడేళ్ళు

మొన్న మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో తెలిసినవాళ్ళింటికి వెళితే నాకు తోడేలు మీద పకోడీలు పెట్టారు.

మొదట గమనించలేదు. ఉల్లిపాయ పకోడీ వేడివేడిగా ముందుకొస్తే దాని కింద ఏముందో చూసే మనిషిని కాను నేను. నాలుగైదు తిన్నాక నూనె మరకల మధ్య ఒక బూడిదరంగు చెవి కనిపించింది. ఇంకొకటి తీస్తే పసుపుపచ్చ కన్ను. ఆ కన్ను నాకు బాగా తెలుసు. ఆత్రంగా పళ్ళెం ఎత్తి వెనక్కి తిప్పాను. బంగారురంగు అంచు, వెనకాల బొమ్మ గీసిన మనిషి సంతకం, కింద నంబరు. మిగిలిన పకోడీలన్నీ నా ఒళ్ళో పడ్డాయి.

"అయ్యో, పురుగేమైనా కనిపించిందాండీ?" అంటూ ఆ ఇల్లాలు కంగారుగా లేచింది.

"లేదండీ. ఇది తినే పళ్ళెం కాదు. గోడకి పెట్టుకునేది" అన్నాను.

"అవునా! ఎవరో తెల్లవాళ్ళు ఊరెళ్ళిపోతూ సామానంతా ఇచ్చేశారండీ. గట్టి సరుకు. ఓవెన్‌లో కూడా పెట్టేస్తున్నా."

ఓవెన్‌లో! ఈ మాట వింటే అక్క మంచం పట్టేది. వినడానికి ఇప్పుడు లేదు. ఈ మధ్యనే పాలకొల్లులో నిద్రలోనే పోయిందని ఆవిడ మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ల్యాబ్‌లో డ్యూటీలో ఉన్నాను. సరేనమ్మా అని ఫోన్ పెట్టేసి, చెయ్యాల్సిన పరీక్షలన్నీ చేసేసి, ఇంటికొచ్చి వంట చేసుకుని తిన్నాను. కన్నీళ్ళు ఆ రోజు రాలేదు. మొన్న పకోడీల దగ్గర వచ్చాయి. కారం ఎక్కువైందని చెప్పాను. పాపం, ఆ ఇల్లాలు నమ్మి మజ్జిగ తెచ్చింది.

అక్క పేరు చెప్పను. ఒమాన్‌లోని ఇబ్రి ఊళ్ళో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు కూడా. ఒమానీలకి సిస్టర్, మలయాళీలకి చేచీ, మాకు అక్క. ఆస్పత్రిలో నర్సు. పొట్టి మనిషి. నడిస్తే చెప్పుల చప్పుడు ముందొచ్చి మనిషి తర్వాత వచ్చేది. యూనిఫాం జేబుకి ఎప్పుడూ రెండు మూడు పిన్నీసులు ఉండేవి. ఎవరి చున్నీ జారినా అడక్కుండా వచ్చి గుచ్చేది, కాస్త చర్మానికి కూడా తగిలేలా. అరబ్బీ గోదావరి యాసలో మాట్లాడేది. మందు మింగనని మొరాయించే ఎడారి నుంచి వచ్చే ముసలి బెదూ పేషెంట్లని ఆ అరబ్బీతోనే దారికి తెచ్చేది. వాళ్ళు ఎదురు చెప్పకుండా మింగేవాళ్ళు.

ఆవిడకో అలవాటు ఉండేది. ఎవరింట భోజనానికి కూర్చున్నా, వడ్డించబోయేలోగా ఖాళీ పళ్ళేన్ని తిరగేసి వెనకేముందో చూసేది. కడిగారో లేదో చూస్తోందని ఎన్ని ఇళ్ళలో మొహాలు మాడ్చుకున్నారో లెక్కలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. "ఏంటే, మనిషి మొహం చూసి ఊరుకుంటామా, ఊరూ పేరూ అడగమూ?" అనేది.

ఇబ్రికి నేను మండువేసవిలో వచ్చాను. ఆస్పత్రిలో ల్యాబ్ ఉద్యోగం, అక్క ఫ్లాట్‌లో ఒక గది. పెట్టె మోసుకుంటూ మెట్లెక్కి తలుపు కొట్టేసరికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. తలుపు తీసి, మంచినీళ్ళ గ్లాసు చేతిలో పెట్టి, గడప దాటకముందే నా గడ్డం పట్టుకుని తల ఎదురుగోడ వైపు తిప్పింది.

"ముందు ఆ పెద్దదాన్ని చూడు. చూస్తూ తాగు. చల్లబడతావ్."

గోడ నిండా పింగాణీ పళ్ళేలు. పళ్ళేల నిండా మంచు. మంచులో తోడేళ్ళు. ఒకదానిలో జంటగా కొండకొమ్ము మీద నిలబడి ఉన్నాయి. ఒకదానిలో పిల్లలు తల్లి పొట్ట కింద దూరి పడుకున్నాయి. ఇంకోదానిలో ఒంటరిది, నోట్లోంచి ఆవిరి వస్తోంది. తెల్ల గుడ్లగూబ ఒకటి, వెనక్కి తిరిగి చూస్తున్న నక్క ఒకటి, కొమ్ముల మీద మంచు పేరుకున్న దుప్పి ఒకటి. పెద్దది మాత్రం మధ్యలో ఉండేది. అందులో తోడేలు మొహం ఒక్కటే, తిన్నగా మన వైపే. నేను నీళ్ళు తాగడం మర్చిపోయాను. ఏ పిచ్చిదాని కొంపలో పడ్డానురా దేవుడా అనుకున్నాను.

మొదటి పళ్ళేన్ని ఆస్పత్రిలో పనిచేసిన విదేశీ డాక్టరమ్మ ఒకావిడ వెళ్ళిపోతూ ఇచ్చిందట. ఆ తర్వాత అక్క వెతుక్కుంది. మస్కట్‌లోనూ సీబ్‌లోనూ తెల్లవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముతున్నారని తెలిస్తే సెలవు పెట్టి మరీ వెళ్ళేది. సోఫాలూ ఫ్రిజ్‌లూ చూసేది కాదు. పింగాణీ ఎక్కడుందో అక్కడికి తిన్నగా పోయి ఒక్కోటీ తిరగేసేది. గురువారం సాయంత్రాలు పాత యూనిఫాం ముక్కలు తడిపి, కూనిరాగం తీస్తూ, ఒక్కో పళ్ళేన్నీ తుడిచేది. ఎండలు మరీ ముదిరిన రోజుల్లో స్థానాలు మార్చేది. బాగా మంచున్నవి కిటికీ పక్కకి వచ్చేవి.

గోడకి మేకులు కొట్టింది మా ఆస్పత్రి వ్యాన్ డ్రైవరన్న. జగిత్యాల దిక్కు మనిషి. డ్రిల్లు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడట.

"ఏందక్కా గిది, ఇంట్ల తోడేండ్లను సాదుతున్నవా? మా దిక్కు గొల్లోళ్ళు జూస్తె కట్టె వట్టుకొని ఉరికొస్తరు."

"నువ్వు కన్నాలు వెయ్యి నాయనా. అవి నీ గొర్రెల్ని తినవు."

"తినయ్ తియ్యి. మరి వీటికేం వెడ్తవ్?"

"ఏసీ" అందట అక్క.

కింద వాటాలో ఇంటి ఓనరు తల్లి ఉండేది. ఊరి బయట తోటలో ఆవిడకి మేకల మంద. ఒకసారి ఖర్జూరాలు ఇవ్వడానికి పైకొచ్చి గోడ చూసింది. నేను భయపడ్డాను, మేకలున్నావిడ కదా అని. ముసలావిడ దగ్గరికి వెళ్ళి పెద్ద తోడేలు ఎదురుగా నిలబడి, "ధీబ్! మాషా అల్లా" అంది. మనవణ్ణి ముద్దొచ్చినప్పుడు తను అలాగే పిలుస్తుందట, తోడేలా అని. అది దొంగేనని ఒప్పుకుంది, కొండల్లోంచి దిగి తన మేకల్ని ఎత్తుకుపోయిందని కూడా చెప్పింది. కానీ అది ఎవరు పెట్టిందీ తినదట. అక్క మొహం వెలిగిపోయింది. ఆ రోజు నుంచీ ఇద్దరికీ మంచి స్నేహం.

మధ్యాహ్నం డ్యూటీ దిగొచ్చి తిన్నాక మేమిద్దరం చాపలు వేసుకుని ఆ గోడ కింద పడుకునేవాళ్ళం. కర్టెన్లు మూసేస్తే గది నీలంగా అయ్యేది. ఏసీ గురక. బయట ఇబ్రి మాడిపోతూ ఉండేది. నాకు కళ్ళు మూతపడే వేళకి అక్క మొదలుపెట్టేది.

"ఇవాళ ఆ చెట్ల వెనక్కి వెళ్ళొచ్చానమ్మాయ్. అక్కడో ఏరుంది. గడ్డ కట్టేసింది. మీద నడిస్తే కింద నీళ్ళు కదలడం కనిపిస్తోంది."

"అందులో ఏరెక్కడుందక్కా?"

"పళ్ళెం అంచు దగ్గరే ఆగిపోతే ఎలా కనబడుతుందే? ఇంకాస్త లోపలికి పోవాలి."

నేనూ పోయేదాన్ని. నిద్రో మెలకువో తెలీని ఆ గంటలో మోకాళ్ళ దాకా మంచు ఉండేది. ఎవరో ముందు నడిచిన అడుగుల్లో అడుగులు వేసుకుంటూ పోయేదాన్ని. లేచేసరికి పాదాలు చల్లగా ఉండేవి. ఏసీ గాలి అటే కొడుతుంది మరి.

శుక్రవారం మాత్రం ఆ గది మారిపోయేది. ఊళ్ళో ఉన్న మా తెలుగు నర్సులు, వాళ్ళ భర్తలు, పిల్లలు అక్క హాల్లోనే ప్రార్థనకి కూడేవాళ్ళు. మెల్లగా పాడుకునేవాళ్ళం, బిగ్గరగా ఏడ్చుకునేవాళ్ళం. తర్వాత అక్క వండినది తినేవాళ్ళం. సముద్రం ఒడ్డునున్న షినాస్ నుంచి వచ్చే వ్యాన్‌లో రొయ్యలు తెప్పించి పులావ్ చేసేది. అక్కకి భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. వారమంతా ఆ ఒక్క పూట కోసమే వంటింటి సామాను కొనేది. చెప్పుల గుట్ట గుమ్మం బయట ఎంత పెద్దదైతే అంత సంబరం. వంగి వాటిని జతలు కలిపి సర్దేది కూడా.

ప్రార్థన నడిపేది బ్రదర్‌గారు. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ చూసేవాడు. కుటుంబం అమలాపురం దగ్గర, ఆయన ఇక్కడ కంపెనీ రూమ్‌లో. స్టోర్‌లో సామాను దించినట్టు ఒక్కో మాటనీ బరువుగా కింద పెట్టేవాడు. చెడ్డవాడు కాదు. నాకు మాత్రం ఆయన్ని చూస్తే ఆవలింతలొచ్చేవి.

మావాళ్ళలో సాక్ష్యం చెప్పడం ఉంది కదా. ఆ వారం తమకేం జరిగిందో ఒకరొకరుగా లేచి చెబుతారు. జ్వరం తగ్గిందనీ వీసా వచ్చిందనీ చెబుతారు. కల వస్తే అదీ చెబుతారు. కలని మావాళ్ళు తేలిగ్గా తీసుకోరు. ఒక శుక్రవారం పిఠాపురం పిల్ల లేచింది. డయాలిసిస్‌లో నర్సు, చంకలో ఏడాది బాబు.

"ఈ గోడ మీదున్న పెద్దది కల్లోకొచ్చిందండి" అంది. "పళ్ళెంలోంచి దిగొచ్చి మా బాబు ఉయ్యాల పక్కన కూర్చుంది."

తలలన్నీ ఒక్కసారి గోడ వైపు తిరిగాయి. అన్నాళ్ళూ ఆ గోడ కిందే కూర్చుని పులావ్ తిన్నవాళ్ళు ఇవాళే కొత్తగా చూసినట్టు చూశారు.

"కూర్చుని ఏం చేసిందమ్మా?" అక్క అడిగింది.

"ఏం చెయ్యలేదక్కా. కూర్చుంది."

"బాబో?"

"నిద్రపోతున్నాడు."

"నిద్రపోయే బిడ్డ పక్కన మెలకువగా కూర్చుంటే మనం దాన్నేమంటాం? డ్యూటీ అంటాం. నువ్వూ నేనూ చేసేది అదే కదే."

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి బ్రదర్‌గారి మొహం చూసి ఆగిపోయారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నవ్వులాట కాదమ్మా. ప్రార్థన చేసే గోడ మీద క్రూరమృగాలేంటి? గొర్రెతోలు కప్పుకొచ్చేదే తోడేలు. అసలవి మీకెందుకు?"

"నచ్చాయన్నా."

"నచ్చడమేంటమ్మా?"

"నచ్చినదానికి కూడా సాక్ష్యం చెప్పాలా?" అంది అక్క. గొంతు పెంచలేదు.

"తీసేయండి. లేకపోతే వచ్చే వారం నుంచి మేం ఇంకోచోట చూసుకుంటాం."

"చూసుకోండన్నా. పులావ్ తినేసి వెళ్ళండి."

నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. వాళ్ళు పులావ్ తిని, చేతులు కడుక్కుని, వందనాలు చెప్పి వెళ్ళిపోయారు.

తర్వాతి శుక్రవారం అక్క ఎప్పట్లాగే వండింది. చాపలు పరిచింది. రారని తెలుసు. తెలిసీ వండింది. గుమ్మం బయట నా చెప్పులూ ఆవిడ చెప్పులూ ఉన్నాయి. వంగి వాటినే సర్దొచ్చి కూర్చుంది. ఒక పాట మొదలుపెట్టి, రెండో చరణంలో అందుకునేవాళ్ళు లేక ఆపేసింది. నాది గార్దభ స్వరం, సాయం చెయ్యలేకపోయాను. పులావ్ గిన్నె మూత తియ్యనే లేదు.

"అక్కా, ఒక్క మాట అడగనా? నిజంగా ఎందుకవి నీకు?"

చాప మీద వెల్లకిలా పడుకుని గోడ చూసింది. "ఆ మంచులో నన్నెవరూ సిస్టర్ అని పిలవరే" అంది. "మూలుగుండదు, బెల్లుండదు. అక్కడ అందరూ ఆరోగ్యంగా ఉంటారు. కాసేపు అలా తిరిగొస్తే మళ్ళీ వార్డులోకి పోబుద్ధేస్తుంది. కానీ వీళ్ళు రాకపోతే తిరిగొచ్చి ఏం చెయ్యను?" అంది. అప్పుడు చూశాను, కళ్ళ కొసల నుంచి చెవుల్లోకి నీళ్ళు కారుతున్నాయి. ప్రార్థనలో కాకుండా అక్క ఏడవడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ వారంలోనే పిఠాపురం పిల్ల రక్తం శాంపిళ్ళతో ల్యాబ్‌కి వచ్చింది. పట్టుకుని దులిపేశాను. నీ కల మూలంగా ఆ మనిషి అన్నం మానేసిందని. ఆ పిల్ల అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చింది.

"నేను రానిది బ్రదర్‌గారు ఆపడం వల్ల కాదండీ. అక్కంటే నాకు ప్రాణం. బాబుని ఎత్తుకుని ఆ గుమ్మం దాటలేకపోతున్నా. నాకు ముందొకడు పుట్టి పోయాడండీ. ఇలాగే నిద్రలో."

ఆ సంగతి మాకెవరికీ తెలీదు. ఇంటికెళ్ళి అక్కకి చెప్పాను. విని, స్టూలు తెచ్చి వేసుకుని ఎక్కింది.

"ఏం చేస్తున్నావ్?"

"కనిపించడం లేదా? పట్టుకో."

"వాళ్ళ ముందు ఓడిపోతావా?" నాకు నిజంగా కోపమొచ్చింది, ఆయన మీద కంటే ఆవిడ మీద.

"ఆయన మాటకి తీస్తే ఓడిపోవడం. భయపడిన పిల్ల కోసం తియ్యడంలో ఓటమేముందే? పేషెంటు నిద్రపోవడానికి వార్డులో లైటు తగ్గిస్తాం, అంతేగా" అంటూ పెద్దదాన్ని నా చేతుల్లో పెట్టింది. ఒక్కోటీ పాత యూనిఫాం ముక్కల్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టి మంచం కిందకి తోసింది. గోడ ఏళ్ళుగా పసుపెక్కి ఉంది. పళ్ళేలున్న చోట్ల మాత్రం తెల్లగా గుండ్రాలు మిగిలాయి.

శుక్రవారం గుమ్మం బయట చెప్పుల గుట్ట మళ్ళీ వెలిసింది. బ్రదర్‌గారు దేవుడు హృదయాలు మార్చాడని దీర్ఘంగా ప్రార్థన చేశాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, ఒళ్ళు మండుతోంది కనక. అక్కా మూసుకోలేదు. ఆ గుండ్రాల వైపు చూస్తోంది. మధ్యాహ్నపు నిద్రలో తిరిగే చోట తిరుగుతోందని మొహం చూస్తే తెలిసిపోయింది.

అందరూ వెళ్ళాక పిఠాపురం పిల్ల ఉండిపోయింది. బాబు చాప మీద నిద్రపోయాడు. ఆ పిల్ల గోడనీ అక్కనీ మార్చి మార్చి చూసి, "ఎక్కడికెళ్ళాయో తెలీక ఇంకా భయమేస్తోందక్కా. మళ్ళీ పెట్టెయ్యండి" అంది. నేను నవ్వాపుకోలేకపోయాను.

అక్క నవ్వలేదు. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎక్కడికీ పోలేదమ్మా. మంచు ఎక్కువ కురిసింది, అందుకని కనబడటం లేదు. చూడు, ఎంత తెల్లగా ఉందో."

ఆ పిల్ల చూసింది. నేనూ చూశాను. ముగ్గురం చాలాసేపు ఆ ఖాళీ గోడలోకి చూస్తూ కూర్చున్నాం. ఆ పిల్ల అలాగే బాబు పక్కన ఒరిగి నిద్రపోయింది. నిద్రలేక ఎన్నాళ్ళయిందో ఏమో, సాయంత్రం దాకా లేవలేదు.

"ఇప్పుడు ఆ పిల్లే పెట్టమంది కదా, పెట్టేద్దాం" అన్నాను తర్వాత.

"పెడితే బ్రదర్‌గారు మళ్ళీ రాడే. ఆయన మాత్రం ఎక్కడికి పోతాడు? ఆ రూమ్‌లో ఆయనకెవరున్నారు? ఆయనకీ శుక్రవారం ఒక్కటే." అంతటితో ఆ మాట అయిపోయింది. పళ్ళేలు అట్టపెట్టెలోనే ఉండిపోయాయి. తుడవడం మాత్రం మానలేదు.

అక్క ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోయే రోజు ఉదయం మా డ్రైవరన్న వ్యాన్ తెచ్చాడు. సూట్‌కేసులు ఎక్కించాక అట్టపెట్టె మిగిలింది. ఇంతలో ఎవరూ పిలవకుండానే బ్రదర్‌గారు వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో ఏమీ లేదు. సెలవు పెట్టానన్నాడు. అట్టపెట్టె మూత కాస్త తెరిచి ఉంది. గుడ్డల మధ్య నుంచి బంగారు అంచు కనిపించింది. ఏమిటవని అడగలేదు. వంగి పెట్టె ఎత్తుకున్నాడు.

"డిక్కీల వెట్టుండ్రి సార్" అన్నాడు డ్రైవరన్న.

"వద్దయ్యా. పగులుతాయి."

వ్యాన్‌లో మధ్య సీట్లో కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. మస్కట్ విమానాశ్రయం దాకా మూడు గంటల దారి. నేను ఆయన వెనక కూర్చున్నాను. అక్క ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "జాగ్రత్తన్నా, అందులో పెద్దది కోపిష్టిది" అంది.

"ఉండనీయండమ్మా" అన్నాడాయన.

అంతకుమించి ఇద్దరూ ఆ సంగతి మాట్లాడుకోలేదు. అక్క కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఇబ్రి దాటేలోపు ఆ రోడ్డు మీద హంపులు ఎక్కువ. హంపు వచ్చిన ప్రతిసారీ బ్రదర్‌గారు ఆ పెట్టెని ఒళ్ళోంచి పైకెత్తి, వ్యాన్ కుదురుకునేదాకా గాల్లో పట్టుకున్నాడు.